షేర్డ్ మెమరీ మీద రెండు మార్కుల అబద్ధాలు

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే అమలాపురం జెరాక్స్ షాపుల్లో అన్నిటికంటే ఎక్కువగా పోయే సరుకు ఆల్ ఇన్ వన్ గైడ్లు. వాటిలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం తీసి షేర్డ్ మెమరీ అంటే ఏమిటని వెతికితే దాదాపు ఇదే జవాబు దొరుకుతుంది: రెండు ప్రాసెస్‌లు ఒకే మెమరీ అడ్రస్‌ను వాడుకుంటాయి, కెర్నెల్ జోక్యం ఉండదు, కాబట్టి ప్రాసెస్‌ల మధ్య సమాచార మార్పిడికి ఉన్న పద్ధతులన్నిటిలోకీ ఇదే వేగవంతం, ప్రాసెస్ ముగియగానే ఆ మెమరీ విడుదలైపోతుంది. ఓడలరేవు నుంచి కాకినాడ దాకా ఏ కాలేజీ బస్సులో ఏ కుర్రాణ్ణి నిద్రలేపి అడిగినా ఈ నాలుగు ముక్కలూ గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాడు. తప్పు కుర్రాడిది కాదు. యూట్యూబులో పాఠం చెప్పేవారు, ఇంటర్వ్యూ ప్రశ్నల పీడీఎఫ్‌లు పంచేవారు, లాబ్ రికార్డు మీద సంతకం పెట్టేవారు అందరూ ఇదే వల్లిస్తున్నారు.

నాలుగూ తప్పే. మొదటిదీ చివరిదీ పచ్చి తప్పులు, ఒక్క ప్రోగ్రాం రాసి చూస్తే తేలిపోతాయి. మధ్యలోవి రెండూ సగం నిజాలు. వాటితోనే అసలు పేచీ.

రెండు మార్కుల జవాబు మీద ఇంత రాద్ధాంతం దేనికండీ అని అడిగేవారుంటారు. ఈ జవాబు పరీక్షతో పోదు. రేపు ఆ కుర్రాడు మాదాపూర్‌లో ఏ కంపెనీలోనో సర్వర్ ప్రోగ్రాం రాస్తాడు. షేర్డ్ మెమరీ వేగం అని చదువుకున్నాడు కాబట్టి కెర్నెల్ నడిపే పైప్ చాలిన చోట దాన్ని పెడతాడు. కెర్నెల్ అక్కర్లేదని చదువుకున్నాడు కాబట్టి, ఇద్దరూ ఒకేసారి ముట్టుకోకుండా ఆపే తాళం పెట్టడు. ఆ తప్పు నెలకోసారి, అదీ రద్దీ ఎక్కువున్న రోజున మాత్రమే బయటపడుతుంది. పట్టుకోవడానికి కూర్చుంటే ఒక్కసారీ కనిపించదు.

ముందు అడ్రస్ సంగతి తేల్చేద్దాం. ప్రోగ్రాం చూసే అడ్రస్ మెమరీ చిప్పు మీద ఉన్న చోటు కాదు. ప్రతి ప్రాసెస్‌కూ తనదైన పేజీ టేబుల్ ఒకటి ఉంటుంది. తనకు కనిపించే అడ్రస్‌లో ఏ ముక్క (మామూలుగా 4 కేబీ) నిజంగా ఏ ఫిజికల్ ఫ్రేమ్‌లో ఉందో ఆ టేబుల్ చెబుతుంది. షేర్డ్ మెమరీ అంటే రెండు వేర్వేరు పేజీ టేబుళ్లలోని ఎంట్రీలు ఒకే ఫ్రేమ్‌ను చూపించడం. పంచుకున్నది ఫ్రేమ్‌ను, అడ్రస్‌ను కాదు. నమ్మకం కుదరకపోతే ఒక వేరియబుల్‌లో 5 పెట్టి, ప్రాసెస్‌కు నకలు పుట్టించే ఫోర్క్‌ను పిలవండి. పిల్ల ప్రాసెస్‌లో దాన్ని 10 చేసి, ఇద్దరి చేతా అడ్రస్‌నూ విలువనూ ప్రింట్ చేయించండి. అడ్రస్ ఇద్దరికీ ఒకటే వస్తుంది. విలువ తల్లికి 5, పిల్లకు 10. ఇప్పుడు సంబంధం లేని రెండు ప్రోగ్రాంలు రాసి, షమ్‌గెట్ అనే సిస్టమ్ కాల్‌తో తీసుకున్న ఒకే షేర్డ్ మెమరీ సెగ్మెంట్‌ను రెండిటిలోనూ తగిలించండి. ఎక్కడ తగిలించాలో కెర్నెల్ ఇష్టానికి వదిలేస్తే అడ్రస్‌లు రెండూ వేరుగా రావచ్చు. 2005లో లినక్స్‌లోకి అడ్రస్‌లను చెల్లాచెదురు చేసే రక్షణ వచ్చాక దాదాపు తప్పకుండా వేరుగా వస్తాయి. విలువ మాత్రం ఒకటే. ఆల్ ఇన్ వన్ చెప్పినదానికి రెండు ప్రయోగాలూ సరిగ్గా ఎదురు తిరుగుతాయి.

ఇది పండితుల చాదస్తం కాదు. అడ్రస్ ఒకటే అని నమ్మినవాడు షేర్డ్ మెమరీలో లింక్డ్ లిస్ట్ కడతాడు. మొదటి ప్రాసెస్ దాచిన పాయింటర్‌ను రెండో ప్రాసెస్ పట్టుకుని వెళితే అక్కడ ఏమీ ఉండదు. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం కూలుతుంది, అదీ అదృష్టం బాగుంటే. బాగోలేకపోతే అక్కడ ఇంకేదో ఉంటుంది, ప్రోగ్రాం దాన్నే లిస్టు అనుకుని నడిచిపోతుంది. అందుకే షేర్డ్ మెమరీలో పాయింటర్లు దాచరు. సెగ్మెంటు మొదలు నుంచి ఎంత దూరమో ఆ దూరాన్ని దాస్తారు. ఫోర్క్‌తో పుట్టిన పిల్లలకు తల్లి మ్యాపింగ్ యథాతథంగా సంక్రమిస్తుంది కాబట్టి అక్కడ అడ్రస్ కలిసిరావడం నిజమే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన ప్రధాన సెగ్మెంటు విషయంలో దాని మీదే ఆధారపడుతుంది. ఫోర్క్ లేని విండోస్‌లో మాత్రం అదే అడ్రస్‌లో మళ్లీ మ్యాప్ చెయ్యడానికి నానా తంటాలూ పడుతుంది. అడ్రస్ అలా కలిసిరావడం పట్టుబట్టి సాధించుకున్న సౌకర్యం, షేర్డ్ మెమరీ సహజ గుణం కాదు.

ఈ తప్పు కిందే ఇంకోటి నక్కి ఉంది. ప్రాసెస్‌లంటే ఎవరి మెమరీ వారిదే, ప్రత్యేకంగా అడిగితే తప్ప పంపకం ఉండదు అని పిల్లలు అనుకుంటారు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే ఈ క్షణాన అది ఈ మాటను కాదంటోంది. ఆండ్రాయిడ్‌లో జైగోట్ అనే ప్రాసెస్ ముందుగానే అందరికీ కావలసిన లైబ్రరీలు ఎక్కించుకుని కూర్చుంటుంది. మీరు వాట్సాప్ తెరిచినా, బ్యాంకు యాప్ తెరిచినా ఆ జైగోటే ఫోర్క్ అయి కొత్త ప్రాసెస్‌ను కంటుంది. ఆ పేజీల్లో ఎవరైనా రాసేదాకా అన్ని యాప్‌లవీ అవే ఫ్రేములు. రాసినప్పుడే రాసినవాడికి నకలు తీసి ఇస్తారు, కాపీ ఆన్ రైట్ అంటే అదే. అందుకే ఒక్కో ప్రాసెస్ పక్కన కనిపించే మెమరీ అంకెలన్నీ కూడితే ఫోనులో ఉన్న ర్యామ్‌ను మించిపోవచ్చు. పంచుకున్న పేజీని ప్రతివాడి ఖాతాలోనూ పూర్తిగా రాస్తే లెక్క అలాగే ఉంటుంది. పంచుకున్నవారి సంఖ్యతో భాగించి రాసే పీఎస్‌ఎస్ అనే కొలత లినక్స్‌లో అందుకే ఉంది. సర్వర్‌లో 20 ప్రాసెస్‌ల అంకెలు కూడి, ర్యామ్ చాలదని బిల్లు పెట్టేవారు ఒకసారి ఆ కొలత చూస్తే డబ్బు మిగులుతుంది.

ఇక అసలు పేచీకి వద్దాం. కెర్నెల్ జోక్యం ఉండదట.

సెగ్మెంటును పుట్టించేది కెర్నెలే. ఎవరు చదవాలో ఎవరు రాయాలో తేల్చేది అదే. మొదటిసారి ఒక పేజీని ముట్టుకున్నప్పుడు పేజీ ఫాల్ట్ వచ్చి ఫ్రేమ్‌ను కేటాయించేదీ అదే. ఇవన్నీ మొదట్లో ఒక్కసారి అయ్యే పనులని సరిపెట్టుకోవచ్చు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత రాయడానికీ చదవడానికీ సిస్టమ్ కాల్ అక్కర్లేదన్నదీ నిజమే. అందుకే దీన్ని సగం నిజం అన్నాను. కానీ రాయడం, చదవడం మాత్రమే సమాచార మార్పిడి కాదు. నేను రాశానని నీకెలా తెలుస్తుంది? నువ్వు చదివేశావని, ఇక దాని మీద కొత్తది రాయొచ్చని నాకెలా తెలుస్తుంది?

పైప్ ఏమేం చేస్తుందో చూడండి. బైట్లను ఇటు నుంచి అటు చేరుస్తుంది. పైప్ ఖాళీగా ఉంటే చదివేవాణ్ణి నిద్రపుచ్చి, ఏదైనా వచ్చాక లేపుతుంది. నిండిపోతే (లినక్స్‌లో మామూలుగా 64 కేబీ దగ్గర నిండుతుంది) రాసేవాణ్ణి ఆపుతుంది. రాసేవాడు చచ్చిపోతే చదివేవాడికి ఇక రావడానికేమీ లేదని చెబుతుంది. చదివేవాడు పోతే రాసేవాడికి సిగ్నల్ కొడుతుంది. షేర్డ్ మెమరీ వీటిలో మొదటిదొక్కటే చేస్తుంది. మిగిలినవన్నీ మీరే కట్టుకోవాలి. కట్టుకోవడానికి కూర్చుంటే, వదిలేశామనుకున్న కెర్నెల్ గుమ్మంలోనే మళ్లీ నిలబడాలి.

ఎలాగంటే, రాసేవాడు రాసేదాకా చదివేవాడు ఎదురుచూడాలి. రెండే దారులు. ఒకటి, ఫ్లాగ్ మారిందా మారిందా అని లూపులో తిరుగుతూ ఉండటం. కెర్నెల్ అక్కర్లేదు గానీ ఒక కోర్ మొత్తం ఉత్త పుణ్యానికి కాలిపోతుంది. రెండోది, నిద్రపోవడం. నిద్రపుచ్చేదీ లేపేదీ కెర్నెలే, మరొకరి వల్ల కాదు. 2003 చివర్లో వచ్చిన లినక్స్ 2.6 నుంచి దీనికి ఫ్యూటెక్స్ అనే ఏర్పాటు ఉంది. తాళం ఖాళీగా ఉంటే ప్రాసెస్ తనంతట తానే వేసుకుంటుంది. ఎవరి చేతిలోనో ఉంటేనే కెర్నెల్‌ను పిలుస్తుంది. అంటే కెర్నెల్ జోక్యం లేకపోవడమనేది ఒకరి కోసం ఒకరు ఆగవలసిన అవసరం లేని ఘడియల్లో మాత్రమే నిజం. ఇద్దరూ నిజంగా ఒకరితో ఒకరు తలపడ్డ ఘడియలో కెర్నెల్ అక్కడే ఉంటుంది.

కోనసీమ రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలువలు తవ్వారు, గోదావరి పొలాల దాకా వచ్చింది. అయినా రబీలో నీళ్లు తగ్గితే వంతులు పెట్టకుండా ఏ ఏడాదైనా గడిచిందా? కాలువ అందరిదీ. ఎగువన ఉన్నవాడు తూము మూయకపోతే అల్లవరం, ఉప్పలగుప్తం శివారు చేలకు చుక్క దిగదు. కాలువను తవ్వడం ఒక పని, వంతు నడిపించడం మరో పని. రెండో పనికి కాలువ మీద నీళ్ల వంతులు చూసే లస్కరు కావాలి. షేర్డ్ మెమరీ మీకిచ్చేది కాలువ మాత్రమే. దాన్ని పైప్ పక్కన, మెసేజ్ క్యూ పక్కన నిలబెట్టి మూడిట్లో ఏది వేగమని అడగడం, లస్కరు జీతం ఒకరి ఖాతాలో రాసి ఇంకొకరి ఖాతాలో ఎగ్గొట్టి ఎవరిది చవకని అడగడమే.

వేగం మాటకొస్తే, ఈ పాఠం చెప్పేవారు తాము చదివిన పుస్తకాన్నైనా చివరిదాకా చదవలేదని నా అనుమానం. మన కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు అందరూ పేరు చెప్పేది సిల్బర్‌షాట్జ్ పుస్తకం. షేర్డ్ మెమరీ వేగంగా ఉండొచ్చని అందులో ఉన్న మాట వాస్తవం. 2012 నాటి తొమ్మిదో కూర్పులో ఆ మాట వెనకే ఇంకోటి కూడా ఉంది. అనేక కోర్‌లున్న యంత్రాల్లో మెసేజ్ పాసింగే మెరుగ్గా నడుస్తోందని ఇటీవలి పరిశోధన సూచిస్తోందనీ, షేర్డ్ డేటా కోర్‌ల క్యాష్‌ల మధ్య అటూ ఇటూ తిరగాల్సి రావడమే కారణమనీ చెప్పారు. ఆల్ ఇన్ వన్ తయారు చేసినవారు మొదటి ముక్క దింపుకుని రెండోది వదిలేశారు. అంతకు మూడేళ్ల ముందే, 2009లో, ఈటీహెచ్ జ్యూరిక్, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కలిసి బ్యారెల్‌ఫిష్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కట్టి, కెర్నెల్ లోపలే కోర్‌ల మధ్య పంపకాలు మానేసి మెసేజ్‌లు పంపుకుంటే ఎలా ఉంటుందో చూపించారు.

క్యాష్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ప్రాసెసర్ మెమరీని బైటు బైటుగా తెచ్చుకోదు. మామూలుగా 64 బైట్ల వరుసను ఒక్కసారి లాక్కుంటుంది. ఒక కోర్ ఆ వరుసలో రాయాలంటే మిగతా కోర్‌ల దగ్గరున్న దాని నకళ్లన్నీ చెల్లకుండా పోవాలి. రెండు ప్రాసెస్‌లు ఒకే కౌంటర్‌ను మార్చి మార్చి పెంచుతుంటే ఆ వరుస రెండు కోర్‌ల మధ్య ఊగిసలాడుతూనే ఉంటుంది. ఇంకా విడ్డూరం, రెండూ వేర్వేరు కౌంటర్లు పెంచుతున్నా అవి పక్కపక్కనే ఒకే 64 బైట్లలో పడితే ఇదే గతి. ప్రోగ్రాంలో పంపకం ఎక్కడా కనిపించదు, యంత్రంలో కొట్లాట ఆగదు. మరి షేర్డ్ మెమరీ ఎక్కడా గెలవదా అంటే, బ్రహ్మాండంగా గెలుస్తుంది. వీడియో ఫ్రేము లాంటి పెద్ద దిమ్మను ఒకడు నింపి ఇంకొకడికి అప్పగించే చోట, అనేక ప్రాసెస్‌లు ఒకే డేటాబేస్ పేజీలను పదేపదే చదివే చోట దీనికి సాటి లేదు. రెండు నకళ్లు తియ్యాల్సిన బాధ తప్పుతుంది. నాలుగు బైట్ల కబురు పంపడానికి మాత్రం ఇంత రథం కట్టక్కర్లేదు.

ఇప్పుడు లాబ్‌కు వెళదాం. షేర్డ్ మెమరీ మీద తరతరాలుగా చేతులు మారుతున్న ప్రోగ్రాం జత ఒకటుంది. రైటర్ సెగ్మెంటు తెరిచి హలో అని రాస్తుంది. రీడర్ దాన్ని తెరిచి ప్రింట్ చేస్తుంది. రెండిటి మధ్యా తగువు రాకుండా ఒక స్లీప్ పెడతారు, లేదా విద్యార్థే ముందు ఒకటి నడిపి, అయ్యాక రెండోది నడుపుతాడు. గమనించారా? ఈ పాఠంలో కష్టమైనది ఏదో దాన్ని మొత్తం స్లీప్ మింగేసింది. రెండు ప్రాసెస్‌లూ ఒకే సమయంలో ఆ మెమరీని ముట్టుకునే సందర్భమే రానివ్వలేదు. అలాంటప్పుడు ఈ పని ఒక ఫైలుతో చేసినా సరిపోయేది.

ఒకేసారి ముట్టుకుంటే ఏమవుతుంది? కౌంటర్‌ను ఒకటి పెంచడం సీ భాషలో ఒక్క ముక్క. యంత్రానికి మూడు పనులు: విలువను తెచ్చుకోవడం, ఒకటి కలపడం, తిరిగి పెట్టడం. ఇద్దరూ 7 తెచ్చుకుని, ఇద్దరూ 8 చేసి, ఇద్దరూ 8 పెడితే ఒక పెంపు గాల్లో కలిసిపోతుంది. డైక్‌స్ట్రా 1965లోనే ఈ పరస్పర మినహాయింపు సమస్య మీద వ్యాసం రాశాడు. అరవై ఏళ్లు దాటినా మన లాబ్‌లో స్లీపే మందు. వేరియబుల్ ముందు వోలటైల్ అని రాస్తే సరిపోతుందని కొందరు సలహా చెబుతారు. అది కంపైలర్‌కు చెప్పే మాట. మూడు పనులను ఒక్క పనిగా కలపదు, ప్రాసెసర్ల మధ్య వరుసకు హామీ ఇవ్వదు. ముందు డేటా రాసి, తర్వాత ఫ్లాగ్ ఎత్తారనుకోండి. ఇంటెల్ ప్రాసెసర్ మీద అవతలి కోర్‌కు అవి అదే వరుసలో కనిపిస్తాయి. ఫోనుల్లో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ మీద ఫ్లాగ్ ముందు కనిపించి డేటా తర్వాత కనిపించడానికి అనుమతి ఉంది. లాబ్ కంప్యూటర్ మీద ఏళ్లతరబడి బంగారంలా నడిచిన ప్రోగ్రాం ఫోనులో తప్పడానికి ఇదొక కారణం. దీనికి మధ్యలో తెగని అటామిక్ ఆపరేషన్లు వాడాలి, లేదా ప్రాసెస్‌ల మధ్య పంచుకోవచ్చని ప్రత్యేకంగా గుర్తు పెట్టిన మ్యూటెక్స్ అనే తాళం వాడాలి. ఆ గుర్తు పెట్టకుండా మామూలు మ్యూటెక్స్‌ను తీసుకెళ్లి షేర్డ్ మెమరీలో పెడితే పని చేసినట్టు నటిస్తుందేమో గానీ చేస్తుందన్న పూచీ ఉండదు.

తాళం వేసుకున్నవాడు తాళంతో సహా చచ్చిపోతే? పైప్ విషయంలో ఈ ప్రశ్నే రాదు. ఇక్కడ మిగిలినవాళ్లు ఎప్పటికీ ఎదురుచూస్తూ ఉండిపోతారు. రోబస్ట్ అనే గుణంతో మ్యూటెక్స్‌ను పుట్టిస్తే, యజమాని పోయాడన్న కబురుతో తర్వాతివాడికి తాళం అందుతుంది. పోయినవాడు సగంలో వదిలేసిన డేటాను బాగుచెయ్యడం మాత్రం అందుకున్నవాడి నెత్తినే. పోస్ట్‌గ్రెస్ దీనికి కఠినమైన దారి ఎంచుకుంది. ఒక సర్వర్ ప్రాసెస్ అర్ధంతరంగా కూలితే షేర్డ్ మెమరీ చెడి ఉండొచ్చన్న అనుమానంతో మిగతా ప్రాసెస్‌లన్నిటినీ చంపి, మెమరీని మొదటి నుంచి సిద్ధం చేసి, లాగ్ సాయంతో కోలుకుంటుంది. ఒకడి పాపానికి అందరూ కనెక్షన్ పోగొట్టుకుంటారు. ప్రాసెస్‌లను విడివిడిగా పెట్టడంలో ఉన్న రక్షణను షేర్డ్ మెమరీ ఎంత దూరం వెనక్కి తీసుకుంటుందో పాతికేళ్లుగా నలిగిన ఈ డేటాబేస్ కన్నా బాగా చెప్పేది లేదు.

ఒకేసారి ముట్టుకుంటే వచ్చే ఈ తడబాటు కాపీ ఆన్ రైట్‌లో కెర్నెల్ కూడా పడింది. డర్టీ కౌ అని పేరు పడిన లోపం 2007 నుంచి లినక్స్‌లో ఉండి 2016 అక్టోబరులో మూతపడింది. రెండు పనులు సరిగ్గా ఒకే క్షణంలో తగిలేలా చేస్తే, చదవడానికి మాత్రమే ఇచ్చిన పేజీలో రాయడం కుదిరేది. కెర్నెల్ రాసేవారి కన్ను కప్పి తొమ్మిదేళ్లు బతికిన రకం తప్పును మన కుర్రాడు ఒక్క స్లీప్‌తో దాటేస్తాడని మనం సంతకాలు పెడుతున్నాం.

చివరి ముక్క, ప్రాసెస్ ముగియగానే మెమరీ విడుదలవుతుందన్నది. షమ్‌గెట్‌తో తీసుకున్న సెగ్మెంటు ప్రాసెస్ పోయినా పోదు. తీసెయ్యమని ఎవరైనా చెప్పాలి, లేదా యంత్రాన్ని ఆపాలి. ఐపీసీఎస్ అని టైపు చేస్తే దిక్కులేని సెగ్మెంట్ల జాబితా కళ్ల ముందే కనిపిస్తుంది. దీని వల్ల లాబ్‌లో జరగగల ఒక వింత చెబుతాను. అందరూ కాపీ కొట్టే ప్రోగ్రాంలో కీ కూడా అందరికీ ఒకటే, 1234 లాంటిది. అందరూ ఒకే సర్వర్‌లోకి ఒకే లాగిన్‌తో వెళ్లే లాబ్ అయితే, పొద్దున బ్యాచ్ వదిలేసిన హలో సెగ్మెంటులో అలాగే ఉంటుంది. మధ్యాహ్నం బ్యాచ్ కుర్రాడు రైటర్‌ను నడపడం మరిచిపోయి రీడర్‌ను మాత్రం నడిపినా జవాబు సరిగ్గానే వస్తుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చినాయన చూసి మార్కులు వేస్తారు.

ఇదే గుణాన్ని పోస్ట్‌గ్రెస్ తెలివిగా వాడుకుంది. 2013లో వచ్చిన 9.3 వెర్షన్ దాకా తన షేర్డ్ మెమరీ అంతా షమ్‌గెట్ అనే ఈ పాత పద్ధతిలోనే తీసుకునేది. లినక్స్ అప్పట్లో పెట్టిన 32 ఎంబీ పరిమితి అడ్డం వచ్చి, డేటాబేస్ పెట్టిన ప్రతివాడూ కెర్నెల్ సెట్టింగ్ మార్చుకోవలసి వచ్చేది. 9.3లో పెద్ద భాగాన్ని ఎమ్‌మ్యాప్ అనే మరో పద్ధతికి మార్చారు. పాత పద్ధతి సెగ్మెంటు చిన్నదొకటి మాత్రం అట్టిపెట్టారు. దానికి ఇంకా ఎందరు తగులుకుని ఉన్నారో కెర్నెల్ లెక్క ఉంచుతుంది. ప్రధాన ప్రాసెస్ చచ్చిపోయి పిల్ల ప్రాసెస్ ఎక్కడో బతికుంటే ఆ లెక్క పట్టిస్తుంది. అదే డేటా మీద రెండో సర్వర్ మొదలవకుండా అడ్డుకుంటుంది.

రాబోయే సెమిస్టర్‌కు లాబ్ మాన్యువల్ తిరగరాసే పని ఎవరి చేతిలో ఉందో వారికి ఒక కోరిక. హలో ప్రోగ్రాం తీసెయ్యండి. రెండు ప్రాసెస్‌ల చేత ఒకే షేర్డ్ కౌంటర్‌ను చెరో 10 లక్షల సార్లు పెంచమనండి, స్లీప్ లేకుండా, ఒకేసారి. 20 లక్షలు రావాలి. ఎంత వచ్చిందో రికార్డులో రాయించండి. తర్వాత మ్యూటెక్స్ పెట్టించి మళ్లీ రాయించండి, ఈసారి ఎంత సమయం పట్టిందో కూడా. ఆఖరున తాళం చేతిలో ఉన్న ప్రాసెస్‌ను కిల్ మైనస్ నైన్ కొట్టించి, రెండోది ఎందుకు కదలడం లేదో వైవాలో అడగండి.